గిడసబారినవీ, పొట్టివీ

ఈ వేసవిలో కొలరాడో వెళ్ళాలనుకుంటున్నామనీ, అక్కడ ఏమేం చూడాలో చెప్పమనీ మన సంఘంలో నాలుగైదు కుటుంబాల వారు మమ్మల్ని అడిగారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు పత్రికకు రాసి ఇవ్వరాదా అన్నారు సంపాదకులు. సలహా బాగానే ఉంది. తీరా రాయడానికి కూర్చుంటే కొండల సంగతి పక్కకు పోయి, ఆ కొండల నెత్తి మీద బొటనవేలంత ఎత్తున పెరిగే మొక్కల సంగతే ముందుకు వచ్చింది. కొండల ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి. మొక్కల మాట ఎవరూ ఎత్తరు కనుక మేము అదే రాస్తున్నాము. కొండలు కావలసిన వారు ఫొటోలు చూసుకోవచ్చు.

ముందు దారి చెబుతాము. కాన్సాస్ సిటీ నుంచి డెన్వరు 600 మైళ్ళు. దారి పొడుగునా నేల అప్పడాల పీటలా చదునుగా కనిపిస్తుంది గాని, 900 అడుగుల దగ్గర బయల్దేరి మనకు తెలియకుండానే 5,280 అడుగులకు ఎక్కుతాము. డెన్వరు నుంచి గంటన్నరలో ఎస్టెస్ పార్కు అనే ఊరు వస్తుంది. అది 7,500 అడుగుల ఎత్తు. ఊరు దాటగానే రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు. అందులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు అని ఒకటి ఉంది. 1932లో వాహనాలకు తెరిచారు. ఎస్టెస్ పార్కు నుంచి అవతలి వైపు గ్రాండ్ లేక్ దాకా 48 మైళ్ళు పోతుంది. అందులో 11 మైళ్ళు చెట్టన్నది లేని నేల మీదుగా నడుస్తుంది. అన్నిటికన్నా ఎత్తయిన చోట 12,183 అడుగులు. మామూలుగా మే నెలాఖరుకు తెరిచి, అక్టోబరు మధ్యలో మూసేస్తారు. వేసవి రోజుల్లో ఏ గంటకు వస్తామో ముందుగా రిజర్వు చేసుకునే పద్ధతి 2020లో పెట్టారు. నిబంధనలు ఏటా కొంత మారుతూ ఉంటాయి కనుక బయల్దేరే ముందు చూసుకోవడం మంచిది.

డాక్టర్లం కనుక ఒక్క ముక్క చెప్పకుండా పోలేము. 12,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర తీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. పీల్చే ప్రతి శ్వాసలో ప్రాణవాయువు అదే లెక్కన తగ్గుతుంది. చిప్స్ పాకెట్లు కారు వెనక సీట్లో బెలూన్లలా ఉబ్బి, పిల్లలకు అదొక వేడుక అయింది. మన ఒంట్లో మొదటి నిమిషాల్లోనే శ్వాస వేగం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. కొత్త ఎర్రకణాలు తయారు కావడానికి మాత్రం వారాలు పడుతుంది. అందుచేత ఎస్టెస్ పార్కులో ఒక రాత్రి పడుకుని మర్నాడు ఎక్కండి. నీళ్ళు బాగా తాగండి. పైన నడక పెళ్ళినడకలా ఉండాలి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళే ముందు వాళ్ళ డాక్టరును అడగండి. తలనొప్పి, వాంతి వచ్చినట్టు అనిపిస్తే మాత్రకన్నా ముందు చేయవలసింది కిందికి దిగడం.

మా కారులో మేమిద్దరం, పిల్లలిద్దరు, తెనాలి నుంచి వచ్చిన మామయ్యగారు, అత్తయ్యగారు. మామయ్యగారు నలభై ఏళ్ళకు పైగా వరి పండించిన మనిషి. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

రోడ్డు ఎక్కుతున్నకొద్దీ చెట్లు మారుతూ ఉంటాయి. కింద పాండెరోజా పైన్లు విడివిడిగా, దర్జాగా నిలబడి ఉంటాయి. ఆ పైన లాడ్జ్‌పోల్ పైన్లు కర్రలు పాతినట్టు ఒత్తుగా. మధ్యమధ్య తెల్లటి బెరడుతో ఆస్పెన్లు. ఇంకా పైకి వెళితే ఎంగెల్మన్ స్ప్రూస్, ఫర్ చెట్లు. 11,000 అడుగులు దాటాక ఆ స్ప్రూస్ చెట్లే మన కళ్ళ ముందు కుంచించుకుపోతాయి. ముందు తాటిచెట్టంత, తర్వాత మనిషంత, తర్వాత మోకాలెత్తు. కొన్నిటికి ఒక వైపే కొమ్మలు, గాలికి ఎగిరే జెండాలాగా. చివరికి నేల మీద చాప పరిచినట్టు పాకుతున్న పొదలు. సుమారు 11,400 అడుగుల దగ్గర అవి కూడా ఆగిపోతాయి.

అత్తయ్యగారు అద్దంలోంచి చూస్తూ, “అయ్యో పాపం, గిడసబారిపోయాయి” అన్నారు.

ఈ మాట మా ఇంట్లో అంతకు నెల రోజుల ముందు కూడా వినబడింది. అప్పుడు అన్నది చెట్లను కాదు, మా చిన్నమ్మాయిని. ఎయిర్‌పోర్టులో దాన్ని చూసి చూడగానే, “పిల్ల గిడసబారిపోయిందేమే! ఈ దేశపు తిండి పడలేదు” అన్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల. క్లాసులో వరసలో నిలబెడితే ముందు నిలబడేది అదే. మేము రోజూ ఆసుపత్రిలో ఇతరుల పిల్లల ఎత్తు కొలిచి గీతల మీద చుక్కలు పెట్టేవాళ్ళమే, అయినా అమ్మమ్మ నోట ఆ మాట వచ్చేసరికి ఆ రాత్రి మా చిన్నదాని గీత మళ్ళీ తీసి చూసుకున్నాము. అందుచేత కొండ మీద అత్తయ్యగారు మళ్ళీ అదే మాట వాడేసరికి, ఇది తేల్చుకోవలసిన విషయమే అనిపించింది. పొట్టిగా ఉన్నవన్నీ గిడసబారినవేనా?

ఆ స్ప్రూస్ చెట్ల విషయంలో అత్తయ్యగారి రోగనిర్ణయం సరైనదే. అదే జాతి చెట్టు రెండు వేల అడుగుల కింద వంద అడుగుల దాకా పెరుగుతుంది. ఇక్కడ పెరగనిది శీతాకాలపు గాలి. గంటకు 100 మైళ్ళు దాటే గాలి ఈ గట్టు మీద అరుదేమీ కాదు. అందులో కొట్టుకొచ్చే మంచు పలుకులు గరుకు కాగితంలా ఆకుల పైపూతను గీకేస్తాయి. నేల గడ్డకట్టి ఉంటుంది కనుక వేళ్ళు నీరు అందించలేవు. మంచు పైకి తల ఎత్తిన కొమ్మ ఎండి చచ్చిపోతుంది. మంచు దుప్పటి కింద ఉన్న కొమ్మ బతుకుతుంది. ఏటేటా మంగలి వచ్చి ఒకే మట్టానికి కత్తిరించిపోయినట్టు ఉంటుంది. ఈ వంకర పొదలను జర్మన్ మాటతో క్రుమ్‌హోల్జ్ అంటారు, వంకర కొయ్య అని అర్థం. కింది కొమ్మలు నేలకు తగిలిన చోట వేళ్ళు దించుతాయి, మనవాళ్ళు మల్లెకు నేలంటు కట్టినట్టు. అలా పాకుతూ పాకుతూ ఒకే చెట్టు వందల ఏళ్ళు గడుపుతుంది. గాలి నుంచి కాస్త చాటు దొరికితే ఆ కొమ్మే నిటారుగా లేస్తుంది. అంటే ఎత్తు దాని ఒంట్లో ఉంది, చోటు ఇవ్వడం లేదు. దీన్ని గిడసబారడం అనవచ్చు.

ఇక అసలు చూడవలసింది ఆ పైన ఉంది. రాక్ కట్ అనే చోట కారు ఆపుకుంటే, టండ్రా కమ్యూనిటీస్ ట్రెయిల్ అని అర మైలు కాలిబాట ఉంది. తారు వేసిన బాటే, కాకపోతే 12,000 అడుగులు దాటిన చోట ఎక్కుడు. మేము వెళ్ళింది జూలై రెండో వారం. పొద్దున డెన్వరులో 88 డిగ్రీలు, ఇక్కడ 60 లోపు. వెయ్యి అడుగులకు మూడున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుందని లెక్క. గాలి అత్తయ్యగారి చీర కొంగును జెండా చేసింది. పైన ఆమె స్వెట్టరు, దాని పైన మా పెద్దవాడి జాకెట్టు, ఆ పైన శాలువా.

నిలబడి చూస్తే ఏమీ లేదు. పచ్చగడ్డి, రాళ్ళు. కూర్చుంటే మాత్రం వేరే లోకం. మామయ్యగారు పొలం గట్టు మీద కూర్చున్నట్టు బాట అంచున గొంతుక్కూర్చుని, “ఇక్కడ గాలి లేదు బాబూ” అన్నారు. మేమూ కూర్చున్నాము. నిజంగానే లేదు. చెవుల్లో హోరు ఆగిపోయింది. పక్కనున్న రాయి మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. జానెడు ఎత్తులో ఒక వాతావరణం, మనిషి ఎత్తులో ఇంకొకటి.

ఈ మొక్కలు పెరిగే తీరంతా ఆ జానెడు మీద ఆధారపడి ఉంది. చలిదేశపు మొక్క పొట్టిగా ఉంటే, తిండి చాలక అలా ఉందని మనకు అనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో బాసెల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టియన్ కోర్నర్ అనే వృక్షశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి దీని మీద పని చేశారు. ఆయన చూపించింది ఏమిటంటే, చెట్లు ఆగిపోయే ఎత్తులో కూడా చెట్టు ఒంట్లో చక్కెర, పిండిపదార్థం నిండుగానే ఉంటాయి. సున్నాకు కొద్ది డిగ్రీల పైన కూడా ఆకు వంట చేస్తూనే ఉంటుంది. ఆ వండిన దాన్ని వాడి కొత్త కణాలు కట్టే పని మాత్రం 5 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరకు వచ్చేసరికి దాదాపు ఆగిపోతుంది. కొట్టు నిండా ధాన్యం ఉండి మేస్త్రీ పనిలోకి రానట్టు. ప్రపంచంలో ఏ కొండ మీద చూసినా, పెరిగే రుతువులో సగటు ఉష్ణోగ్రత 6 డిగ్రీల చిల్లర ఉన్న చోటే చెట్ల సరిహద్దు ఉంటుందట. చెట్టు తల ఎత్తి నిలబడుతుంది కనుక గాలికి ఎంత చలో దానికీ అంత చలి. నేలను కరుచుకుని ఉన్న మొక్క ఎండ వేడిని పట్టి ఉంచుకుంటుంది. దానికి గాలి ఉష్ణోగ్రతతో అంతగా పని లేదు. పొట్టిగా ఉండడమే దాని కుంపటి.

మాస్ కాంపియన్ అని గులాబీ రంగు పూల మొక్క ఒకటి. చిన్న మెత్తలా, బోర్లించిన సిబ్బిలా ఉంటుంది. పైన గోటికన్నా చిన్న పూలు వందల కొద్దీ. ఎండ రోజున ఆ మెత్త లోపల బయటి గాలికన్నా పది డిగ్రీల సెంటిగ్రేడు ఎక్కువ కూడా ఉంటుంది. రాలిన ఆకుల్ని బయటికి పోనివ్వదు. లోపలే దాచుకుని, కుళ్ళనిచ్చి, ఆ తడిని, ఆ ఎరువును తానే వాడుకుంటుంది. తల్లివేరు నాలుగైదు అడుగులు దిగుతుంది. పైన రెండంగుళాలు, కింద మనిషి లోతు. విత్తనం పడ్డాక మొదటి పువ్వు పూయడానికి పదేళ్ళు పడుతుంది. అలాస్కాలో ఇదే జాతి మొక్కల్ని ఏళ్ళ తరబడి కొలిచి లెక్కవేసిన వారు, పెద్ద మెత్తలకు 300 ఏళ్ళు దాటి ఉండవచ్చన్నారు. మేము చూసిన వాటిలో పెద్దది భోజనం పళ్ళెమంత ఉంది. వేరే జాతుల మొక్కలు కూడా ఆ మెత్తలో చోటు చేసుకుని పెరుగుతాయి, పెద్దింటి పంచన చేరినట్టు.

ఇంకొకటి ఆల్పైన్ సన్‌ఫ్లవర్. దీనికి ‘కొండమీది ముసలాయన’ అని ముద్దుపేరు. ఒళ్ళంతా తెల్లటి నూగు, మేకబొచ్చు శాలువా కప్పుకున్నట్టు. ఆ నూగు గాలిని ఆపుతుంది, ఎండ తీక్షణతను ఆపుతుంది, తడి ఆరిపోకుండా చూస్తుంది. పువ్వు పసుపుపచ్చగా, మొక్కకు తగని పెద్దది. పది పన్నెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఆకులు మాత్రమే వేసుకుంటూ కూడబెట్టి, ఒకే ఒక్క వేసవిలో పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. మన అరటిచెట్టు గెల వేసి పోయినట్టే, కాకపోతే అరటికి ఏడాది చాలు. పూసినవన్నీ తూర్పు ముఖంగా నిలబడి ఉన్నాయి. అత్తయ్యగారు అది చూసి, అక్కడే నిలబడి సూర్యుడికి ఒక నమస్కారం పెట్టారు.

మా ఇద్దరికీ అన్నిటికన్నా నచ్చింది ఆల్పైన్ బిస్టార్ట్. చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. సన్నటి కాడ, పైన తెల్లటి చిన్న పూలు, ఆ పూల కింద ఎర్రటి పలుకుల్లాంటి బుడిపెలు. ఆ బుడిపెలు గింజలు కావు, పిల్ల మొక్కలే. ఒక్కోసారి తల్లి మీద ఉండగానే ఆకు తొడుగుతాయి. ఇక్కడ వేసవి పట్టుమని రెండు నెలలు ఉండదు. ఆ రెండు నెలల్లో మొలిచి, ఆకు వేసి, పూసి, కాసి చావడం ఏ మొక్కకూ సాధ్యం కాదు కనుక ఏకవార్షికాలు ఇక్కడ దాదాపు లేవు. మరి బిస్టార్ట్ ఎలా పూస్తోంది? ఈ పార్కుకు దక్షిణాన నైవాట్ రిడ్జ్ అని ఇంకొక గట్టు ఉంది, కొలరాడో విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం. 1950ల నుంచి అక్కడ వాతావరణం లెక్కలు రాస్తున్నారు. అక్కడ పమీలా డిగల్ అనే శాస్త్రవేత్త ఈ మొక్క మొగ్గల్ని సూక్ష్మదర్శిని కింద విప్పి చూసి, 1997లో ప్రకటించారు. ఈ ఏడాది విచ్చుకున్న ఆకు, పువ్వు నేల కింద మొగ్గలో మొదలై నాలుగేళ్ళు అయిందట! నాలుగు తరాల ఆకులు ఒకదాని లోపల ఒకటి, ఉల్లిపొరల్లా, ఏటా కొంచెం కొంచెంగా తయారవుతూ ఉంటాయి. మనకు కనబడే ఎత్తు ఒక్క వేసవిది. కనబడని పని నాలుగు వేసవులది.

ఎత్తు కొలిచి మనిషి ఆరోగ్యం చెప్పకూడదని మాకు గుంటూరులో పిల్లల వార్డులోనే నేర్పారు. ఏ పిల్లనైనా ఒక్కసారి కొలిస్తే తెలిసేది ఆ రోజు ఎత్తు. ఆరు నెలలకోసారి కొలిచి, చుక్కలు కలిపితే వచ్చే గీత అసలు సంగతి చెబుతుంది. గీత కిందికి జారుతుంటే తిండో, పేగో, గ్రంథో, ఏదో ఉంది, వెతకాలి. గీత అడుగున ఉన్నా తన దారిలో తాను వంపు లేకుండా పోతుంటే, తల్లిదండ్రుల ఎత్తు చూడాలి, చేతి ఎముకల ఎక్స్‌రే చూడాలి. మా చిన్నదాని గీత రెండేళ్ళ వయసు నుంచి అడుగు గీతకు కొంచెం పైన, దానికి సమాంతరంగా నడుస్తోంది. ఈ మాట అత్తయ్యగారికి ఇంట్లో చెబితే, “మీ గీతలు మీరు చూసుకోండి, నేను నెయ్యి వేస్తాను” అన్నారు. ఆ నెల రోజులూ వేశారు కూడా. పిల్లకు అజీర్ణం, మాకు బరువు.

కొండ మీద మా వకాల్తా పుచ్చుకున్నది మామయ్యగారు. ఆయన బిస్టార్ట్‌నీ, మాస్ కాంపియన్‌నీ కాసేపు చూసి, “ఇది పొట్టి రకం, గిడస కాదు” అని తీర్పు చెప్పేశారు. గిడసబారిన మొక్కకు ఆకు పాలిపోతుంది, కణుపులు మూసుకుపోతాయి, పూత రాదు. పొట్టి రకానికి అన్నీ ఉంటాయి, కాడ మాత్రం ఉండదు. తర్వాత ఐఆర్-8 కథ చెప్పారు. మన డెల్టాలో పాత నాటు రకాలు నిలువెత్తు పెరిగేవి. ఎరువు వేస్తే ఇంకా ఎదిగి, గింజ బరువెక్కే సమయానికి గాలివాన వస్తే చేను చాప చుట్టినట్టు పడిపోయేది. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పొట్టి వంగడం, మరుసటి ఏడు ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు పండించి చూపించినది, ఎరువు వేసినా నడుం ఎత్తు దాటలేదు. గాలికి పడలేదు. ఆ రోజుల్లో మామయ్యగారు హైస్కూలు పిల్లవాడు. వాళ్ళ నాన్నగారు ఆ చేను చూసి, “ఇదేమి వరి, గడ్డి కూడా రాదు” అని చప్పరించారట. మూడేళ్ళు తిరక్కుండా ఆయనే వేశారట.

పొట్టితనం విత్తనంలో ఉందా, నేలలో ఉందా అని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. మొక్కను ఇంకో చోట నాటి చూడడం. కాలిఫోర్నియాలో కార్నెగీ సంస్థకు చెందిన క్లాసెన్, కెక్, హైసీ అనే ముగ్గురు 1930లు, 40లలో ఈ పనే చేశారు. సముద్ర తీరం నుంచి సియెర్రా నెవాడా శిఖరాల దాకా పెరిగే యారో అనే మొక్కను తీసుకున్నారు. తీరం దగ్గర స్టాన్‌ఫర్డులో ఒక తోట, 1,400 మీటర్ల ఎత్తున మేథర్‌లో ఒక తోట, 3,000 మీటర్లు దాటిన చోట టింబర్‌లైన్ అని ఒక తోట. మొక్కను ముక్కలు చేసి మూడు చోట్లా నాటారు. కొండ మీది పొట్టి మొక్క తీరంలో, వెచ్చగా, నీళ్ళు పోసి పెంచినా పొట్టిగానే ఉంది. తీరపు పొడుగు మొక్కను పైకి తీసుకెళితే చాలా వరకు చచ్చింది, బతికినది గింజ పండే లోపల మంచు వచ్చిపడింది. అయితే ఒక సంగతి కూడా చెప్పాలి. ఏ మొక్కా మూడు తోటల్లోనూ అచ్చం ఒకేలా లేదు. చోటును బట్టి కాస్త సాగడం, కాస్త ముడుచుకోవడం అన్నిటికీ ఉంది. ఎంత వరకు సాగగలదు అన్నదే విత్తనం నిర్ణయించింది.

అవతలి దేశంలో నాటుకున్న మన బోటివాళ్ళకు ఈ ప్రయోగం చదువుతుంటే ఎన్నో ఆలోచనలు వస్తాయి. అవి ఎవరివి వారు చేసుకోవచ్చు. మొక్కల దగ్గరకే తిరిగి వెళదాము.

మన హిమాలయాల్లో కూడా ఇదే విద్య వేరే పద్ధతిలో ఉంది. అత్తయ్యగారు కేదారనాథ్‌లో స్వామికి పెట్టిన బ్రహ్మకమలం చూశారు. లేతాకుపచ్చ, పలచటి కాగితం లాంటి రేకులు దోసిలి పట్టినట్టు మూసుకుని, లోపల ఊదా రంగు పూలను చలి నుంచి కాపాడతాయి. అద్దాల గదిలో మొక్క పెట్టినట్టన్న మాట. అది కూడా 12,000 అడుగుల పైన పుట్టిన మొక్కే. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన ఊళ్ళలో డాబాల మీద కుండీల్లో రాత్రి పూట విచ్చుకునే తెల్లపువ్వును బ్రహ్మకమలం అని పది మందినీ పిలిచి చూపిస్తాము. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన ఒక జాతి జెముడు. చెబితే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. తెనాలిలో ఆమెకు రెండు కుండీలు ఉన్నాయి.

ఇంత ఓపికగా పెరిగే వాటిని పాడు చేయడానికి మాత్రం ఓపిక అక్కర్లేదు. మేము ఉండగానే ఒక పెద్దమనిషి ఫొటో కోసం బాట దిగి నాలుగు అడుగులు లోపలికి వేశాడు. పార్కు వారి మనిషి మర్యాదగా పిలిచి వెనక్కి రప్పించింది. 1959లో బియాట్రిస్ విల్లార్డ్ అనే ఆమె ఈ రాక్ కట్ దగ్గరే, జనం తొక్కి పాడైన నేల చుట్టూ కంచె వేయించి, ఇది మళ్ళీ కోలుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో చూడడం మొదలుపెట్టారు. ఒక వేసవి తొక్కిడికే మెత్తలు చితికిపోతాయనీ, మన్ను కొట్టుకుపోయిన చోట పూర్వపు స్థితి రావడానికి వందల ఏళ్ళు కావాలనీ ఆమె తేల్చారు. ఇప్పుడు తారు బాట ఉండడానికి, బాట దిగవద్దని బోర్డులు ఉండడానికి ఆమె పని ఒక కారణం. పిల్లల్ని చేతులు పట్టుకుని నడిపించండి. మరీ చిన్నవాళ్ళయితే ఎత్తుకోండి, ఆయాసం వచ్చినా సరే.

తొక్కడం ఆపవచ్చు గాని వేడిని ఏం చేస్తాము? డేనియల్ డోక్, విలియం మారిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మాస్ కాంపియన్‌నీ, బిస్టార్ట్‌నీ న్యూమెక్సికో, కొలరాడోల నుంచి అలాస్కా దాకా ఏటేటా ఒక్కొక్క మొక్కనే గుర్తు పెట్టి కొలిచి, 2010లో ఫలితాలు వెల్లడించారు. దక్షిణాన, వెచ్చని చోట్ల ఎక్కువ మొక్కలు చస్తున్నాయి, కాని బతికినవి వేగంగా పెరిగి ఆ నష్టాన్ని పూడ్చుకుంటున్నాయి. అందుచేత పైకి అంతా బాగానే కనిపిస్తుంది. ఓ మోస్తరు వెచ్చని ఏడు అన్నీ బాగుపడతాయి కూడా. మరీ వేడి ఏడు మాత్రం పెరుగుదలా తగ్గింది, చావులూ పెరిగాయి. జ్వరం వచ్చిన రోగి కొన్నాళ్ళు నిబ్బరంగా కనిపించి ఒక్కసారిగా కూలిపోవడం మేము చూస్తూనే ఉంటాము. ఆ పట్టికలు చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

రెండో ప్రమాదం పక్కింటి నుంచి. నైవాట్ రిడ్జ్ మీద 1946లో, 2008లో విమానంలోంచి తీసిన చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే, విల్లో పొదలు ఎన్నో రెట్లు వ్యాపించినట్టు తేలింది. వేడి పెరగడం, మంచు పడే తీరు, కింద మైదానంలోని కార్ల నుంచి, పొలాల నుంచి గాలిలో వచ్చి పడే నత్రజని, వీటన్నిటికీ అందులో పాత్ర ఉంది. గిడసబారిన వాడికి చలి తగ్గితే మంచి రోజులు. విల్లో లేస్తుంది, వంకర స్ప్రూస్ కూడా నిటారుగా ఒక కొమ్మ ఎత్తి చూస్తుంది. వాటి నీడ మెత్త మొక్క మీద పడుతుంది. మెత్త మొక్కకు పొడుగు పెరిగి పోటీ పడే విద్య రాదు, విత్తనంలోనే లేదు. ఇంకా పైకి జరుగుదామంటే శిఖరం అక్కడితో అయిపోయింది. ఈ మాట మామయ్యగారికి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఎరువు ఎక్కువైతే కలుపే ముందు లేస్తుంది” అని మాత్రం అన్నారు.

ఇక వెళ్ళవలసిన రోజులు. పూలకు జూన్ చివరి వారం నుంచి జూలై మూడో వారం దాకా మంచిది. ఆగస్టు చివర వెళితే పూలు ఉండవు గాని, ఆల్పైన్ ఎవెన్స్ ఆకులు ఎర్రబారి కొండ చరియలు కుంకుమ చల్లినట్టు ఉంటాయి. భూతద్దం ఒకటి పట్టుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి మడత కుర్చీ. పులిహోర బాగానే ఉంటుంది, చలికి పెరుగన్నం ఎవరూ ముట్టుకోలేదు. ఫ్లాస్కులో కాఫీ మరువకండి. పొద్దున్నే ఎక్కి, మధ్యాహ్నం లోపల దిగిపోయేట్టు చూసుకోండి. జూలైలో అక్కడ మధ్యాహ్నమైతే ఉరుములు మెరుపులు మామూలే. పడమటి వైపు మబ్బు లేస్తే ఫొటోలు ఆపి వెంటనే కారెక్కండి. ఆ నేల మీద అన్నిటికన్నా పొడుగ్గా ఉండేది మీరే.